కనబడని అతుకు, కనబడవలసిన చేయి

మన కాలమున అచ్చగు పత్రికలను, శుభలేఖలను, వీథులలో కట్టు ఫ్లెక్సీలను చూచువారెల్లరును అక్షరములను చదువుదురు, ఛాయాచిత్రములను చూతురు. వానివెనుక పఱచియున్న నేపథ్యచిత్రమును మాత్రము ఎవ్వరును పరికింపరు. తీగలో, పూలో, గళ్లో, ఇసుకవంటి గరుకుదనమో, పాతకాగితపు ఛాయయో పుటయంతటను అల్లుకొని, ఎచ్చట మొదలైనదో ఎచ్చట ముగిసినదో తెలియకుండ నుండును. ఇంత చిన్న విషయమునుగూర్చి సంవత్సరపత్రికలో ఇన్ని పుటలు నింపనేల యని కొందఱడుగవచ్చును. విషయము చిన్నదే. అయినను ఇందు పిల్లలు నేర్వదగిన విద్య యొకటియు, పెద్దలు విచారింపదగిన న్యాయమొకటియు ఇమిడియున్నవి. మా అభిప్రాయమును ముందుగనే విన్నవించెదము: అతుకును కనబడకుండ చేయుట నేర్పు, అతికినవానిని కనబడకుండ చేయుట అన్యాయము. ఆ నేర్పును పాఠశాలలో నేర్పవలెను. ఆ అన్యాయమును పాఠశాలనుండియే మానిపింపవలెను.

ఈ వస్తువెట్టిదో మొదట తెలిసికొందము. కంప్యూటరు తెఱపై కనబడు ఇట్టి నేపథ్యము నిజముగా పెద్ద చిత్రము కాదు. చతురస్రమైన చిన్న ముక్క యొకటి మాత్రమే గీయబడును. యంత్రము దానినే ప్రక్కప్రక్కలను, క్రిందుమీదులను పేర్చుకొనుచు తెఱయంతయు నింపును. వంటయింటి నేలపై పలకలు పఱచుటయు నిట్టిదే. అయితే పలకలనడుమ సందు కనబడును; ఇచ్చట కనబడరాదు. అందులకు నియమములు రెండే కలవు. ముక్కయొక్క కుడియంచున తెగిన రేఖ ఎడమయంచున సరిగా అదే ఎత్తున మఱల మొదలు కావలెను. పైయంచున తెగినది క్రిందియంచున అదే స్థానమున మొదలు కావలెను. రంగును, గీత లావును, దాని వాలును కూడ కలియవలెను. ఒక్క వెండ్రుకవాసి తప్పినను తెఱయంతటను గళ్లుగళ్లుగా ఆ తప్పే కనబడును. ముక్క ఎన్నిమారులు పేర్చబడునో తప్పును అన్నిమారులు పేర్చబడును గదా!

ఈ పద్ధతి కంప్యూటరులలో చేరుటకు కారణము పొదుపు. 1984లో ఆపిల్ కంపెనీవారు వెలువరించిన మాకింటాష్ యంత్రపు తెఱపై అడ్డముగా 512, నిలువుగా 342 చుక్కలుండెను. అవి నలుపు తెలుపులు మాత్రమే. తెఱయంత చిత్రమొకటి ప్రత్యేకముగా దాచుకొనవలెనన్నచో 21,888 బైట్ల చోటు కావలెను. అప్పటి యంత్రముయొక్క జ్ఞాపకశక్తి మొత్తములో అది సుమారు ఆఱవవంతు. కావున వారు 8 గళ్ల వెడల్పు, 8 గళ్ల ఎత్తు గల చిన్న ముక్కను మాత్రము దాచి దానినే తెఱయంతటను పఱచిరి. అందులకు 8 బైట్లు చాలెను. ఆ యంత్రమునకు బొమ్మలను, అక్షరములను, నమూనాలను గీసిన చిత్రకారిణి సూజన్ కేర్. ఆమె తొలి బొమ్మలను గళ్ల పుస్తకముపై గీసినదన్న విషయమును విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. ఆ సాధనము నేడు మన పిల్లలందఱి సంచులలోను కలదు.

పదునొకండేండ్లకు, అనగా 1995 ప్రాంతమున, అంతర్జాలపు పుటల వెనుకకూడ ఇట్టి ముక్కలను పఱచు వాడుక వచ్చినది. నాడు టెలిఫోను తీగపై సెకనుకు 28,800 బిట్లు వచ్చుటయే వేగమనిపించుకొనెను. 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు గల తెఱకు సరిపడు చిత్రమును, చుక్కకొక బైటు చొప్పున కుదింపు లేక పంపినచో అది చేరుటకు 85 సెకనులు పట్టును. 64 చుక్కల చతురస్రపు ముక్క యైనచో ఒక సెకనుకు కొంచెము మించును. అట్టి ముక్కను 75 మారులు పేర్చిన తెఱ నిండును. గణితము తెలిసిన పిల్లలు ఈ లెక్కను తామే సరిచూచుకొనవచ్చును.

పూలు తీగలే గాక రాతిగరుకు, మేఘము, చెక్క పొరలు మొదలగు ఉపరితలచ్ఛాయలను చేయుటకు మఱియొక ఉపాయము కలదు. 1982లో వచ్చిన ట్రాన్ అను చలనచిత్రమునకు పనిచేసిన కెన్ పెర్లిన్ అను శాస్త్రజ్ఞుడు యంత్రము గీసిన వస్తువులు మఱీ నున్నగా నుండుట చూచి, గణితసూత్రముచేత సహజమైన గరుకుదనమును పుట్టించు మార్గమును కనుగొని 1985లో ప్రకటించెను. దానికి పెర్లిన్ నాయిస్ అని ఆయన పేరే నిలిచినది. 1997లో అమెరికా చలనచిత్ర అకాడమీవారు ఆయనకు సాంకేతిక బహుమానము నిచ్చిరి. ఇచ్చట ఒక సంగతి గమనింపుడు: 8 గళ్ల చతురస్రమును గీసినవారి పేరు మనకు తెలియును, గరుకుదనమును పుట్టించినవారి పేరును తెలియును. ఈ విషయమునకు మఱల రాగలము.

అతుకు దాచు విద్య కంప్యూటరుతో పుట్టినది కాదు. మన కృష్ణాజిల్లాలోని మచిలీబందరు, పెడన ప్రాంతములలో కలంకారీ అద్దకము చేయువారు తరతరములుగా చేయుచున్నది ఇదియే. శ్రీకాళహస్తి కలంకారీ కలముతో గీయబడును. బందరు కలంకారీ చెక్కిన అచ్చుతో అద్దబడును. ఈ అచ్చులకు టేకు చెక్కను వాడుదురు. గీతల కొక అచ్చు, రంగుల కొక్కొక్క అచ్చు వేఱుగా నుండును. కరక్కాయ నీటిలో నానవేసి ఆరబెట్టిన నూలుబట్టను మెత్తని బల్లపై పఱచి, అచ్చును రంగుదిండుపై ఒత్తి, బట్టపై మోపి, చేతితో చఱచుదురు. ఇనుప తుప్పును బెల్లపునీటిలో ఊరవేసిన ద్రవము కరక్కాయతో కలిసి నలుపగును. పటిక అద్దినచోట మాత్రమే వేళ్లరంగు ఎఱుపై నిలుచును. పిమ్మట పాఱునీటిలో ఉతుకుట, రంగునీటిలో మరగించుట, ఎండలో ఆరవేయుట వరుసగా జరుగును.

అచ్చు చెక్కువాడు కుడివైపున తెగిన తీగ ఎడమవైపున అందుకొనునట్లు చెక్కవలెను. అద్దువాడు ముందటి ముద్రయంచును కంటితో కొలుచుకొని, ఊపిరి బిగబట్టి, తరువాతి ముద్రను దాని ప్రక్కనే మోపవలెను. ఒక చీర పొడుగునను ఇట్లు ఎన్ని వందలమారులు మోపవలెనో తల్లిదండ్రులు ఊహింపుడు. కంప్యూటరు ముక్కకు ముక్క చేర్చుటలో అలసట యెఱుగదు; ఈ చేయి అలసియు గురి తప్పదు.

ఈ విద్యలో మన రేఖాగణితమును కలదు. ఒకే ఆకారమును సందులేక పఱచుటకు సమభుజత్రిభుజము, చతురస్రము, సమషడ్భుజము పనికివచ్చును, సమపంచభుజము పనికిరాదు. దాని కోణము 108 డిగ్రీలు. మూడు కోణములు చేర్చిన 324 అగును, నాలుగు చేర్చిన 432 అగును; ఒక బిందువు చుట్టు నుండవలసిన 360 ఎన్నటికిని రాదు. త్రిప్పుట, అద్దములో వలె మార్చుట, జరుపుట అను క్రియలచేత ఒక నమూనాను రెండు దిశలకు అంతులేక వ్యాపింపజేయు తీరులు సౌష్ఠవము ననుసరించి పదునేడు మాత్రమేనని రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు ఫ్యోదొరోవ్ 1891లో నిరూపించెను. 1924లో పోయా అను గణితవేత్త స్వతంత్రముగా అదే ఫలితమునకు వచ్చెను. గోడకాగితమును, కంప్యూటరు నేపథ్యమును ఎవరు ఏ దేశమున గీసినను ఈ పదునేడింటిలో ఏదో యొకదానికి లోబడవలసినదే. వాకిట చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేయు మన తల్లులు ఈ నిరూపణను చదువకయే సౌష్ఠవమును చేతివ్రేళ్లతో ఎఱిగియున్నారు.

ఇక దీనిని చేయు విధము. ఖరీదైన యంత్రము అక్కఱలేదు. ఒక చతురస్రపు కాగితమును తీసికొని నడుమ ఒక పువ్వును గీయుడు. గీత అంచును తాకరాదు. కాగితమును నిలువుగా రెండు సగములు చేసి, కుడిసగమును ఎడమకును ఎడమసగమును కుడికిని మార్చి, వెనుక అంటుకాగితముతో అతికింపుడు. పిమ్మట అడ్డముగా కోసి, పైసగమును క్రిందికిని క్రిందిసగమును పైకిని మార్చి అతికింపుడు. ఇప్పుడు మీ పువ్వు నాలుగు ముక్కలై నాలుగు మూలలకు చేరును; నడుమ ఖాళీ యేర్పడును. ఆ ఖాళీలో మఱియొక పువ్వును, కలుపు తీగలను గీయుడు. ఈసారియు వెలుపలి అంచులను తాకరాదు. అంతే. ఈ కాగితమునకు ఎన్ని ప్రతులు తీసి ఎట్లు ప్రక్కప్రక్కల పెట్టినను అతుకు కనబడదు. ఏలయనగా ఇప్పటి అంచులు మొదట కాగితము నడుమ ఒకటిగా నుండినవే. ఫోటోషాప్ మొదలగు సాఫ్టువేరులలో ఆఫ్‌సెట్ అను ఆజ్ఞ చేయు పనియు ఇదియే.

అంచులు కలిసినంత మాత్రమున పని ముగియదు. ముక్కలో ఒక్క చుక్క మిగిలినవానికంటె నల్లగా నున్నచో, తెఱపై అది సైనికులవలె వరుసలు తీరి కంటిని పట్టుకొనును. కావున మంచి నమూనాలో ఏ పువ్వును మిగిలిన పూలపై పెత్తనము చేయరాదు. రెండవ వరుస ముక్కలను సగమెత్తు దించి పేర్చిన వరుసలు చెదరి, పునరుక్తి అంతగా తెలియదు. గోడకాగితములు చేయువారును, బట్టల నమూనాలు గీయువారును ఈ ఉపాయమును ఎక్కువగా వాడుదురు.

నేపథ్యమునకు వినయము భూషణము. అది అక్షరములకు చోటిచ్చి తాను వెనుకకు తగ్గవలెను. నేడు అనేక ప్రకటనలలో ఎఱ్ఱని పూలపై పసుపుపచ్చని అక్షరములు ముద్రించి, ముసలితల్లిదండ్రులు చదువజాలక మనుమలచేత చదివించుకొను స్థితి కల్పించుచున్నారు. అంతర్జాలపు ప్రమాణములు నిర్ణయించు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమువారు సాధారణ పరిమాణముగల అక్షరములకును వాని వెనుకనున్న రంగునకును కాంతిభేదము కనీసము 4.5కు 1 నిష్పత్తిలో నుండవలెనని సూచించియున్నారు. చూపు మందగించినవారును చదువగలుగుటకే ఈ నియమము. అలంకారము పొరుగువానికి అడ్డురానప్పుడే అలంకారము.

ఇంతవరకు నేర్పునుగూర్చి చెప్పితిమి. ఇక న్యాయమునుగూర్చి చెప్పవలసియున్నది.

పదునేడవ శతాబ్దిలో మచిలీబందరు రేవునుండి అద్దకపుబట్టలు పారసీకమునకును, తూర్పు దీవులకును, ఐరోపాకును ఎగుమతియయ్యెను. ఇంగ్లీషువారు 1611లోనే బందరులో వర్తకశాల నెలకొల్పిరి. ఉతికినను వన్నె తఱుగని ఆ బట్టలకై ఐరోపాలో ఎంత మోజు కలిగెనో, అచ్చటి నేతగాండ్రకు అంత భయము కలిగెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో వానిని నిషేధించి 1759వఱకు ఆ నిషేధమును సాగించెను. ఇంగ్లాండులో 1700లో ఒకటియు, 1721లో ఒకటియు శాసనములు పుట్టెను. బట్టను ఆపవచ్చును గాని నమూనాను ఆపుట సాధ్యమా? 1752లో ఐర్లండులో ఫ్రాన్సిస్ నిక్సన్ రాగి ఫలకములతో బట్టపై అచ్చువేసెను. 1783లో థామస్ బెల్ చెక్కిన లోహపు రోలరుతో అచ్చువేయు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. రోలరు గుండ్రనిది, దానికి మొదలు తుద లేదు, కావున పొడుగున అతుకు తానే మాయమయ్యెను. మన అద్దకపువాని కన్నును చేయియు కలిసి చేసిన పనిని ఇనుము చేయసాగెను.

ఈ కథలో మిషను పాఠశాలవారు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనవలసిన ఘట్టమొకటి కలదు. యేసుసభకు చెందిన ఫాదరీ కూర్దూ అను ఫ్రెంచి మిషనరీ, తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన పండితుడు, 1742లో కోరమాండలు తీరమునుండి స్వదేశమునకు ఒక దీర్ఘమైన లేఖ వ్రాసెను. అందు ఈ తీరమున బట్టలకు రంగులు వేయు విధమంతయు, కరక్కాయ మొదలుకొని ఉతుకుడువఱకు, వివరించెను. ఈ వివరములను ఆయన క్రైస్తవమతము స్వీకరించిన అద్దకపువారియొద్ద అడిగి తెలిసికొనెను. లేఖ అచ్చయ్యెను, ఐరోపాలోని చేతిపనివారికి ఉపకరించెను. ఫాదరీగారి పరిశ్రమను మేము తక్కువ చేయము. ఆయన వ్రాయకున్నచో ఆనాటి పద్ధతులలో కొన్ని మనకే తెలియకపోయెడివి. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఆయన పేరు చరిత్రలో నిలిచినది. ఆయనకు విద్య చెప్పినవారి పేర్లు మనకు చేరలేదు. ఆనాటి బట్టలు నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలవంటి చోట్ల అద్దములవెనుక భద్రముగా నున్నవి. సాధారణముగా వానిక్రింద తీరము పేరు కలదు, కాలము కలదు; చేసిన మనిషి పేరు లేదు.

దీనితో పోల్చి చూడుడు. ఇంగ్లాండులో విలియం మారిస్ తన తోటలో పండ్లు దొంగిలించు పక్షులను చూచి 1883లో స్ట్రాబెరీ థీఫ్ అను నమూనాను గీసెను. దానిని బట్టపై అద్దుటకు నీలిమందును, చెక్క అచ్చులను వాడిరి. అనగా మన అద్దకమువంటి పనియే. నేటికిని ఆ నమూనా కనబడినచో మారిస్ నమూనా యనియే లోకము చెప్పును. అది న్యాయమే. ఆ న్యాయము పెడనవానికి ఏల అందలేదని మా ప్రశ్న.

ఇది గడచిన కథ మాత్రమే యైనచో ఇంతగా చెప్పకపోదుము. నేడును అదియే జరుగుచున్నది. కలంకారీ నమూనాలను యంత్రముపై అచ్చువేసి, రసాయనపు రంగులు పులిమి, కలంకారీ యను పేరుతోనే తక్కువ వెలకు అమ్మువారు కలరు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించియున్నను, కొనువారికి భేదము తెలియనిచో ఆ గుర్తింపు కాగితముపైనే నిలుచును. కంప్యూటరు నేపథ్యముల సంగతియు అంతే. అంతర్జాలమున చిత్రకారులు గీసి యుంచిన నమూనాలను మన పిల్లలు ఒక్క నొక్కుతో దింపుకొని, ప్రాజెక్టు పుస్తకముల అట్టలపైనను, ప్రకటనలపైనను పఱచుచున్నారు. గీసినవారెవరని అడుగువారు లేరు. ఇటీవల మాటలలో కోరినంతనే నమూనాను గీసియిచ్చు కృత్రిమ మేధాయంత్రములు వచ్చినవి. అవి అసంఖ్యాకులైన చిత్రకారుల పనిని చూచి నేర్చినవే. ఆ పేర్లలో ఒక్కటియు ఫలితముపై కనబడదు. మునుపు ఒక్కని పేరు మఱుగుపడుచుండెను. ఇప్పుడు వేలమంది పేర్లు ఒక్కసారిగా మఱుగుపడుచున్నవి.

శాసనమును ఈ విషయమున మూగది కాదు. మన దేశపు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము చిత్రకారుని పనిపై హక్కు అతడు గీసినంతనే కలుగును; నమోదు చేయించుకొననక్కఱలేదు. అతని జీవితకాలమును, అటుపై 60 సంవత్సరములును ఆ హక్కు నిలుచును. క్రియేటివ్ కామన్స్ అనుమతులలో అనేకములు ఉచితముగా వాడుకొనుమని చెప్పుచునే, గీసినవాని పేరు చెప్పుమని నియమము పెట్టుచున్నవి. పేరుకూడ అక్కఱలేదని విడిచిపెట్టిన ఉదారులును కలరు. ఏది ఏ తీరుదో చదివి తెలిసికొనుటకు రెండు నిమిషములు చాలును.

శాసనముకంటె పెద్దదైన ఆధారము మా చదువరులలో పెక్కుమందికి పరిచితమే. సిలువయొద్ద సైనికులు చింపక చీట్లు వేసికొనిన ప్రభువు అంగీకి కుట్టు లేకుండెనని యోహాను సువార్త తెలుపుచున్నది. అతుకులేని పని అమూల్యమని ఆ కఠినహృదయులకును తోచినది. అందుచేతనే దానిని చింపలేదు. నిర్గమకాండమున మఱియొక విశేషము కలదు. గుడారపు పనికి నియమింపబడిన బెసలేలు, అహోలీయాబు అను పనివారిని తండ్రిపేరు, గోత్రము పేరుతోసహా అందు చెప్పియున్నారు. నేయువాడును, చెక్కువాడును, రంగులు కూర్చువాడును పేరుపెట్టి పిలువదగినవారని దీనివలన స్పష్టమగుచున్నది. పరిశుద్ధ గ్రంథమే పనివాని పేరు చెప్పుచుండగా మన ప్రకటనపత్రము చెప్పకుండుట తగునా?

మా మాటకు ఎదురు చెప్పువారు లేకపోలేదు. పరీక్షలు దగ్గఱపడుచుండగా పిల్లలను గళ్లలో రంగులు నింపుచు కూర్చుండబెట్టుట కాలహరణమని కొందఱు తల్లిదండ్రులందురు. వారి ఆందోళన న్యాయమైనదే. ఫీజులు కట్టి చదివించువారు ఫలితము కోరుదురు. కాని పైన చెప్పిన కాగితపు పనిలో కోణములు, సౌష్ఠవము, గుణకారము, వైశాల్యము అన్నియు కలవు. ఆఫ్‌సెట్ తీరును చేతితో చేసిన పిల్లవాడు గొట్టముయొక్క ఉపరితలమును విప్పిన దీర్ఘచతురస్రమగునని వేఱుగా బట్టీపట్టనక్కఱలేదు. నెలకొక్క చిత్రలేఖనపు గంట దీనికి చాలును.

ఉచితముగా దొరకుదానిని గీయుటేల యని మఱికొందఱడుగుదురు. దొరకుదానిని వాడవద్దని మేమనము. బియ్యము అంగడిలో దొరకుచున్నను నాటు వేయుట తెలిసినవాడే గింజ విలువ నెఱుగును. ఒక్క నమూనాను చేతులారా గీసి, అంచు కలియక మూడుమారులు చెరిపి, నాలుగవమారు కలిపిన పిల్ల, పరుల నమూనాను చూచినప్పుడు చేసినవారిని తలచుకొనకుండ నుండజాలదు. పేరు చెప్పుమని ఆమెకు ఎవ్వరును ఆజ్ఞాపింపనక్కఱలేదు.

కావున మేము మూడు పనులను సూచించుచున్నాము. మొదటిది, ఆఱవ తరగతి మొదలు ప్రతి విద్యార్థియు ఏడాదికొక నమూనాను 8 గళ్ల చతురస్రములోగాని, కోసి అతికిన కాగితముపైగాని స్వయముగా చేయవలెను. ఎనిమిది గళ్ల చతురస్రములో 64 గళ్లు కలవు. రెండు రంగులతోనే వానిని నింపు విధములు ఎన్నియో లెక్కించుట పై తరగతివారికి మంచి అభ్యాసము. రెండవది, ఈ పత్రిక అట్టకును, వార్షికోత్సవపు ప్రకటనలకును పిల్లలు గీసిన నేపథ్యమునే వాడి, గీసినవారి పేరును తరగతిని అచ్చువేయవలెను; బయటినుండి తెచ్చుకొన్నచో ఆ చిత్రకారుని పేరును చిన్న అక్షరములతోనైన వేయవలెను. మూడవది, తల్లిదండ్రులు కలంకారీ కొనునప్పుడు ఒక్క క్షణము ఆగి బట్టను వెలుతురులో చూడవలెను. అద్దినవారెవరో, ఏ యూరివారో అంగడివానిని అడుగవలెను. అడుగువారు పదిమందియైనచో చెప్పవలసిన అవసరము అంగడివానికి కలుగును.

వెలుతురులో చూడుమనుటకు కారణము కలదు. యంత్రపు అచ్చులో ప్రతి పువ్వును ముందటి పువ్వునకు సరిగా ప్రతిబింబము. చేతి అద్దకములో అట్లుండదు. ఒకచోట రంగు కొంచెము చిక్కగా నుండును. ఒకచోట ఎఱుపు నల్లగీతను దాటి వెండ్రుకంత బయటికి వచ్చును. ముద్రకు ముద్ర కలిసినచోట పరికించి చూచినవానికి సన్నని జాడ దొరకును. దానిని లోపమని వర్తకులు వెల తగ్గింపజూతురు. మేము దానిని సంతకమని చెప్పుదుము. పేరు వ్రాయుటకు చోటియ్యని లోకములో ఆ చేయి తన గుర్తును అక్కడ మాత్రమే విడువగలిగినది.

విద్యార్థులారా, అతుకు తెలియకుండ కలుపుట నేర్చుకొనుడు. కలిపినవారు ఎవరో తెలియజెప్పుటయు నేర్చుకొనుడు. మొదటిది మీ చేతికి పనితనమును, రెండవది మీ నడతకు నిజాయితీని ఇచ్చును. వచ్చు సంవత్సరపు పత్రిక అట్టవెనుక మీలో నొకరి పేరు చదువగోరుచున్నాము.